మీ ఇన్‌బాక్స్‌కు మీరే ఇన్‌వర్డు గుమాస్తా

ప్రభుత్వ కార్యాలయంలో కొన్నాళ్లు గడిపినవారికి ఇన్‌వర్డు సెక్షను అంటే ఏమిటో వివరించనక్కరలేదు. ఉదయం వచ్చిన తపాలను అక్కడి గుమాస్తా ఒక్కసారే విప్పి, తేదీ ముద్ర వేసి, రిజిస్టరులో ఎక్కించి, ఏ కాగితం ఏ సెక్షనుకు వెళ్లాలో మూలన రాసి మధ్యాహ్నానికల్లా పంపించేస్తాడు. అందులోని సమస్యను పరిష్కరించడం అతని పని కాదు. అలాగని ఏ కాగితాన్నీ అతను తన బల్ల మీద మిగుల్చుకోడు. ఈమెయిల్ వచ్చిన తరువాత ఆ గుమాస్తా పని, అధికారి పని, చివరకు కవరు మీద చిరునామా రాసి బిళ్ల అంటించే డిస్పాచ్ పని కూడా మన ఒక్కరి మీదే పడ్డాయి. అధికారిగా జవాబు రాయడం మనకు ఎంతో కొంత వచ్చు గానీ, గుమాస్తాగా తపాలు విడదీయడం మనకెవరూ నేర్పలేదు. ఫోను తెర మీద ఎర్రటి చుక్కలో వేలల్లో కనిపించే ఆ అంకెకు కారణం ఉత్తరాలు ఎక్కువ కావడం కాదనీ, వాటిని విడదీసే మనిషి లేకపోవడమనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కింద చెప్పిన పద్ధతులకు ఉదాహరణలను, ఎక్కువ మంది దగ్గర ఉన్నది కాబట్టి, జీమెయిల్ నుంచి తీసుకున్నాను. ఔట్‌లుక్ వంటివాటిలోనూ ఇంచుమించు ఇవే సదుపాయాలు వేరే పేర్లతో ఉంటాయి.

తపాలు విప్పే వేళ

ముందుగా, మెయిల్ వచ్చిన ప్రతిసారీ మోగే నోటిఫికేషన్‌ను ఫోనులో ఆపివేయండి. నిజంగా తొందర ఉన్న మనిషి ఫోను చేస్తాడు. మెయిల్ రాసినవాడు సాధారణంగా ఆ రోజులోగానో మర్నాటికో జవాబు వస్తే చాలుననే అనుకుంటాడు. కార్యాలయానికి చేరిన తరువాత ఒకసారి, భోజనం చేసి వచ్చాక ఒకసారి, ఇంటికి బయలుదేరడానికి అరగంట ముందు ఒకసారి చూసుకుంటే ఎక్కువ ఉద్యోగాలకు సరిపోతుంది. వినియోగదారుల ఫిర్యాదులు చూసేవారికీ, సర్వర్లు కాపలా కాసేవారికీ ఈ లెక్క పనికిరాదు. వారు కూడా తమ పైవారి నుంచో ఫలానా క్లయింటు నుంచో వచ్చేవాటికి మాత్రమే మోత ఉంచుకుని మిగిలినవాటిని మౌనంగా రానివ్వవచ్చు.

తెరిచిన మెయిల్ విషయంలో పాటించవలసిన నియమం ఒక్కటే: దాని గతి ఏమిటో తేల్చకుండా మూయకూడదు. రెండు నిమిషాలలో జవాబు ఇవ్వగలిగినదైతే అప్పుడే ఇచ్చేయాలి. అది మరొకరు చేయవలసిన పనైతే వారికి ఫార్వర్డ్ చేస్తూ, ఏ తేదీకి కావాలో పైన ఒక్క వాక్యంలో రాయాలి. ఉత్త ఫార్వర్డ్ పంపి ఊరుకుంటే అది మీ బల్ల మీది కాగితాన్ని ఎదుటివారి బల్ల మీద పడేయడమే అవుతుంది. గంటో పూటో పట్టే పని అయితే దానికి సమయం కేటాయించి క్యాలెండరులో రాసుకుని, మెయిల్‌ను గడియారం గుర్తు ఉన్న స్నూజ్ మీటతో ఆ రోజుకు వాయిదా వేయవచ్చు. ఆ ఉదయం అది కొత్త ఉత్తరంలా మళ్లీ పైకి వస్తుంది. ఊరికే తెలుసుకోవడానికి వచ్చినదైతే చదివి ఆర్కైవ్ చేయాలి. చదివిన దానిని గుర్తుండడం కోసం మళ్లీ 'అన్‌రీడ్' గా మార్చే అలవాటు చాలామందికి ఉంది. చీర కొంగుకు ముడి వేసుకున్నట్టు అది ఒకటి రెండు విషయాలకైతే పనిచేస్తుంది. ముళ్లు యాభై అయ్యాక ఏ ముడి ఎందుకు వేశామో ఎవరికీ గుర్తుండదు.

ఆర్కైవ్ అంటే పారేయడం కాదు. ఆ మెయిల్ ఇన్‌బాక్స్ నుంచి తప్పుకుని 'ఆల్ మెయిల్' లో భద్రంగా ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. తొలగించినది మాత్రం చెత్తబుట్టలో 30 రోజులు ఉండి తరువాత శాశ్వతంగా పోతుంది. ఈ తేడా తెలియక ఇన్‌బాక్స్‌లోంచి ఏదీ కదిలించడానికి భయపడేవారిని నేను చాలామందిని చూశాను. ఇప్పటికే పదివేల మెయిళ్లు పేరుకుపోయి ఉంటే వాటిని ఒక్కొక్కటిగా చదివి తేలుద్దామని కూర్చోవద్దు. నెల దాటినవన్నీ ఒకేసారి ఎంచుకుని ఆర్కైవ్ చేసేయండి. వాటిలో నిజంగా ముఖ్యమైనది ఏదైనా ఉంటే, దానిని పంపినవారు ఈపాటికి మళ్లీ అడిగే ఉంటారు.

ఒకప్పుడు నేను బీరువాలో అరల మాదిరిగా నలభై దాకా లేబుళ్లు తయారు చేసి, ప్రతి మెయిల్‌నూ దాని అరలో పెట్టడానికి రోజూ పావుగంట ఖర్చు చేసేవాణ్ని. ఒకే ఉత్తరం అటు 'బిల్లులు' కిందికీ ఇటు 'ఇల్లు' కిందికీ వస్తే ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద చర్చ అయ్యేది. ఇప్పుడు నాలుగే లేబుళ్లున్నాయి, మిగిలినదంతా వెతుకులాటకే వదిలేశాను. జీమెయిల్ వెతుకు పెట్టెలో ఇంగ్లిషు అక్షరాలతో 'ఫ్రమ్' అని రాసి, పక్కన ఖాళీ లేకుండా రెండు చుక్కల గుర్తు పెట్టి, పంపినవారి పేరు చేరిస్తే వారి ఉత్తరాలే వస్తాయి. అదే విధంగా 'లార్జర్' తరువాత రెండు చుక్కలు పెట్టి 10ఎం అని రాస్తే పది మెగాబైట్లు మించినవన్నీ బయటపడతాయి. ఈ రెండోది గుర్తుంచుకోవలసినది. ఉచిత ఖాతాకు గూగుల్ ఇచ్చే 15 గిగాబైట్ల చోటును మెయిల్ ఒక్కటే కాక డ్రైవ్, ఫోటోస్ కూడా పంచుకుంటాయి; పెళ్లి వీడియోలతో అది నిండిపోయిన రోజున మీకు కొత్త మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చే వేళకు అలా జరిగితే కారణం వెతుక్కోవడానికే ఒక పూట పడుతుంది.

ప్రతిరోజూ ఒకే చోటు నుంచి వచ్చే స్టేట్‌మెంట్లు, షేర్ల నివేదికలు, అలర్ట్ల వంటి వాటికి ఫిల్టర్ పెట్టుకోవాలి. కంప్యూటరులో ఆ మెయిల్ తెరిచి, పైనున్న మూడు చుక్కలు నొక్కితే 'ఫిల్టర్ మెసేజెస్ లైక్ దీజ్' అని కనిపిస్తుంది. అలాంటివి ఇకపై ఇన్‌బాక్స్‌కు రాకుండా ఫలానా లేబుల్ కిందికి వెళ్లాలని అక్కడ చెప్పవచ్చు. మీరు ఒకప్పుడు కొన్న దుకాణం ప్రకటనలైతే 'అన్‌సబ్‌స్క్రైబ్' నొక్కితే ఆగిపోతాయి. ముక్కూ ముఖం తెలియనివారి ఉత్తరంలో మాత్రం ఆ మాట నొక్కవద్దు, ఎందుకంటే అలా నొక్కడం వల్ల ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని వారికి రూఢి అవుతుంది. దానిని స్పామ్‌గా గుర్తిస్తే చాలు.

విషయం, సూచిక

తెలుగులో ఆఫీసు లేఖ రాసేవారు సంబోధన తరువాత 'విషయం' అనీ 'సూచిక' అనీ రెండు పంక్తులు తప్పక రాస్తారు. లేఖ దేని గురించో మొదటిది చెబుతుంది. ఇంతకు ముందు నడిచిన ఏ లేఖకు, ఏ తేదీ నాటి దానికి ఇది కొనసాగింపో రెండోది చెబుతుంది. మంచి మెయిల్ రాయడానికి ఇంతకు మించిన పాఠం నాకు కనిపించలేదు. 'హాయ్', 'అర్జెంట్', 'చిన్న డౌటు' అన్న సబ్జెక్టులతో వచ్చిన ఉత్తరాలను ఆరు నెలల తరువాత వెతికి పట్టుకోవడం దేవుడి తరం కూడా కాదు. 'ప్రింటర్ మరమ్మతు బిల్లు: 12వ తేదీలోగా మీ ఆమోదం కావాలి' అని రాస్తే, లోపలికి వెళ్లకుండానే చదివేవారికి తమ పని ఏమిటో, గడువెంతో తెలిసిపోతుంది. విషయం మారినప్పుడు పాత మెయిల్‌కే రిప్లై నొక్కి కొత్త సంగతి మొదలుపెట్టడం మరొక దురలవాటు; అలా చేస్తే సెలవు అర్జీ కాస్తా బిల్లుల గొలుసులో కూరుకుపోతుంది.

లోపల రాసేటప్పుడు అడిగేదాన్ని ముందు పెట్టి, కారణాన్ని తరువాత పెట్టాలి. మన మాట తీరులో కుశలప్రశ్నలు, వెనుకటి కథ, ఇబ్బందులు అన్నీ అయ్యాక అసలు సంగతికి రావడం మర్యాద. ఎదురుగా కూర్చున్న మనిషితో అది నిజంగా మర్యాదే. ఫోను తెర మీద మాత్రం మొదటి నాలుగు వరుసలే కనిపిస్తాయి, అసలు సంగతి ఐదో వరుసలో ఉంటే అది లేనట్టే. ఒక నమూనా చూడండి.

"మేడమ్ గారికి, నమస్కారం. ప్రింటర్ మరమ్మతుకు అయిన 4,200 రూపాయల బిల్లును ఈ నెల 12వ తేదీలోగా ఆమోదించవలసిందిగా కోరుతున్నాను. మీరు 3వ తేదీన మెయిల్‌లో ఇచ్చిన అనుమతి ప్రకారమే ఈ పని చేయించాం. బిల్లు, ఆ అనుమతి ప్రతి జత చేశాను. 12 దాటితే చెల్లింపు వచ్చే నెలకు వెళుతుందని అకౌంట్స్ సెక్షను వారు చెప్పారు."

ఇందులో ఎవరేం చేయాలి, ఎప్పటికి చేయాలి, ఏ ఆధారంతో చేయాలి, చేయకపోతే ఏమవుతుంది అన్నవన్నీ ఐదు వాక్యాలలో వచ్చాయి. ఒక మెయిల్‌లో మూడు వేర్వేరు సంగతులు అడగవలసి వస్తే వాటికి అంకెలు వేయండి, లేదా మూడు మెయిళ్లు రాయండి. అంకెలు లేని మూడు ప్రశ్నలలో చివరిదానికే జవాబు వస్తుందన్నది నా అనుభవం.

'టూ' లో ఉన్నవారు పని చేయవలసినవారు. 'సీసీ' లో ఉన్నవారు తెలుసుకోవలసినవారు. సీసీ అన్న మాట టైపు మిషను కాలంలో రెండు కాగితాల మధ్య కార్బన్ పెట్టి తీసిన నకలు నుంచి వచ్చింది. ఒకేసారి నాలుగైదు నకళ్లకు మించి తీస్తే అక్షరం కనిపించేది కాదు కాబట్టి అప్పట్లో ఎవరికి నకలు అవసరమో ఆలోచించి మరీ పెట్టేవారు. ఇప్పుడు ఆ హద్దు లేదు, పదిహేను మందిని పెట్టినా ఖర్చు లేదు. మొదటి మెయిల్‌లోనే ఎదుటివారి పై అధికారిని సీసీలో చేర్చడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయడమే. రెండుసార్లు అడిగి, ఒకసారి ఫోను చేసి, అప్పటికీ కదలకపోతే చేర్చవచ్చు. అపార్ట్‌మెంట్ సంఘం తరఫున రెండు వందల ఫ్లాట్ల వారికి నోటీసు పంపేటప్పుడు వారి చిరునామాలన్నీ 'బీసీసీ' లో పెట్టాలి. అప్పుడు ఒకరి చిరునామా మరొకరికి కనిపించదు, ఎవరైనా 'రిప్లై ఆల్' నొక్కినా అది రెండు వందల మందికీ వెళ్లదు. కార్యాలయంలో మాత్రం బీసీసీని రహస్య సాక్షిగా వాడుకోవద్దు. అలా చాటుగా ఉన్న వ్యక్తి పొరపాటున 'రిప్లై ఆల్' నొక్కితే గుట్టు రట్టవుతుంది. నేను పనిచేసిన ఒక చోట అలాగే అయింది, ఇద్దరు సహోద్యోగులు ఏడాది పాటు మాట్లాడుకోలేదు.

పంపే ముందు ఒక క్రమం పాటిస్తే సగం పొరపాట్లు తప్పుతాయి: ముందు అటాచ్‌మెంట్ జత చేయాలి, తరువాత విషయం రాయాలి, చిరునామాను అన్నిటికంటే చివర నింపాలి. చిరునామా లేని ఉత్తరం చేయి జారినా ఎక్కడికీ పోదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లోని జనరల్ విభాగంలో 'అన్‌డూ సెండ్' వ్యవధిని 30 సెకన్లకు పెంచుకోండి. మొదట అది ఐదు సెకన్లే ఉంటుంది, ఐదు సెకన్లలో నాలుక కరుచుకోవడానికే సరిపోతుంది. కోపంతో రాసిన దానికి ముప్పై సెకన్లు కూడా చాలవు కనుక, అలాంటి దానిని డ్రాఫ్టులో ఉంచి మర్నాడు చదవాలి. జీమెయిల్‌లో జత చేసేవాటికి మొత్తం 25 మెగాబైట్ల హద్దు ఉంది, అంతకు మించితే డ్రైవ్ లింకుగా మారుతుంది. ఆ లింకును తెరిచే అనుమతి అవతలివారికి ఇచ్చారో లేదో చూసుకోకపోతే, వారి నుంచి 'తెరుచుకోవడం లేదు' అన్న జవాబు తప్పక వస్తుంది.

అమెరికాలోని వారితో పనిచేసే మన ఐటీ ఉద్యోగులకు రెండు జాగ్రత్తలు ప్రత్యేకంగా చెప్పాలి. 'సోమవారం ఈఓడీ లోగా', అంటే ఆ రోజు పని ముగిసేలోగా, అని రాయడం వల్ల గొడవలు వస్తాయి, ఎందుకంటే డల్లాస్‌లో సోమవారం సాయంత్రం ఐదు అంటే హైదరాబాదులో వేసవిలోనైతే మంగళవారం తెల్లవారుజామున మూడున్నర, చలికాలంలోనైతే నాలుగున్నర. అక్కడ మార్చిలో రెండో ఆదివారం గడియారాలను ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. ఆ వారాలలో సమావేశాలు తప్పిపోవడం ఏటా జరిగేదే. అందుచేత తేదీ, గంట, ఏ దేశపు గంట అన్న మూడూ రాయాలి. రెండోది భాష సంగతి. 'రివర్ట్' అంటే మనకు జవాబివ్వడం. వారికి మాత్రం పాత స్థితికి మార్చేయడం, ముఖ్యంగా ప్రోగ్రాములు రాసేవారికి. 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' అంటే వారికి ఏం చేయాలో అర్థం కాదు, చేయవలసినది విడమరిచి రాయాలి. ఇంటిపేరు ముందు రాసుకునే మనవారిని అవతలివారు ఏళ్ల తరబడి ఇంటిపేరుతోనే పిలుస్తూ ఉంటారు. సంతకం కింద పిలవవలసిన పేరును విడిగా రాస్తే ఆ ఇబ్బంది తీరుతుంది.

తెలుగులో మెయిల్ రాయాలనుకునేవారు ఏ ఫోనులోనైనా, కంప్యూటరులోనైనా అక్షరాలు సరిగా కనిపించే యూనికోడ్ పద్ధతిలోనే టైపు చేయాలి. డీటీపీ కేంద్రంలో అను వంటి పాత ఫాంట్లతో తయారు చేయించిన అర్జీని నేరుగా మెయిల్‌లో అతికిస్తే అవతలివారికి అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. అలాంటి దానిని పీడీఎఫ్ చేసి జత చేయాలి, లేదా యూనికోడ్‌లోకి మార్చించాలి.

ఇంటి ఖాతా

కార్యాలయం ఇచ్చిన మెయిల్ కార్యాలయానిదే. ఉద్యోగం మానిన సాయంత్రానికే అది మూతపడవచ్చు కాబట్టి ప్రావిడెంట్ ఫండ్, బ్యాంకు, బీమా, రైలు టికెట్ల ఖాతాలకు దానిని ఇవ్వకూడదు. సొంత చిరునామాలో ఇంటర్మీడియట్ రోజుల ముద్దుపేర్లు, 143లు లేకుండా మీ పేరు మాత్రమే ఉండడం మంచిది. దానిని ఏదో ఒక రోజు ఉద్యోగమిచ్చే వారికో, బ్యాంకు మేనేజరుకో గట్టిగా చదివి చెప్పవలసి వస్తుంది.

ఫోనులో మాట్లాడుకున్న ముఖ్యమైన సంగతిని వెంటనే మెయిల్‌లో రాసి పంపే అలవాటు చేసుకోండి. ఇంటి యజమాని అద్దె పెంచనన్నాడనుకోండి, బిల్డరు ఫలానా నెలలో తాళాలు ఇస్తానన్నాడనుకోండి, 'ఇప్పుడు ఫోనులో అనుకున్న ప్రకారం' అని మొదలుపెట్టి నాలుగు వాక్యాలు రాస్తే అది తేదీతో సహా నిలుస్తుంది. మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ రికార్డులకు గుర్తింపునిచ్చింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షను వాటిని కోర్టులో ఏ ధ్రువీకరణతో దాఖలు చేయాలో చెబుతోంది. తగాదాకు దారితీయగల ఉత్తరాల మూల ప్రతిని తొలగించకుండా ఉంచాలి. తెర ఫోటోనో ఫార్వర్డ్ చేసిన ప్రతినో పెట్టుకుని ఊరుకుంటే, ఆ మెయిల్ ఏ దారిన వచ్చిందో చెప్పే సమాచారం వాటిలో ఉండదు.

మోసాల విషయంలో పంపినవారి పేరును కాదు, ఆ పేరు మీద నొక్కితే కనిపించే అసలు చిరునామాను చూడాలి, ముఖ్యంగా దాని చివరి భాగాన్ని. పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31 లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' తో ముగిసే చిరునామాలకు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది కనుక, మెయిల్‌లోని లింకు మరెక్కడికో తీసుకుపోతే అక్కడ పాస్‌వర్డు ఇవ్వవద్దు. ఆదాయపు పన్ను రిఫండు మీరు ముందే ధ్రువీకరించిన బ్యాంకు ఖాతాలో నేరుగా పడుతుంది. దాని కోసం కార్డు వివరాలు అడిగేది మోసమే. వ్యాపారం చేసేవారికి దీనికంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. ఎప్పుడూ సరుకు పంపే వారి నుంచే వచ్చినట్టు, పాత ఉత్తరాల గొలుసుతో సహా, 'మా బ్యాంకు ఖాతా మారింది' అంటూ మెయిల్ వస్తుంది. అప్పుడు ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాకుండా, మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకు ఫోను చేసి అడిగిన తరువాతే డబ్బు పంపాలి. ఒకవేళ పోగొట్టుకుంటే సిగ్గుపడి ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి; ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

జిరాక్సు దుకాణం వారి చిరునామాకు ఆధార్ పంపి ప్రింటు తీయించుకోవడం మన ఊళ్లలో రోజూ జరిగేదే. ఆ ప్రతి వారి కంప్యూటరులో ఎన్నాళ్లయినా ఉండవచ్చు. ఈ-ఆధార్‌కు పాస్‌వర్డు ఉందన్న ధీమా అక్కరకు రాదు, ఎందుకంటే అది పేరులోని మొదటి నాలుగు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం మాత్రమే. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను పంపితే చాలా పనులు జరిగిపోతాయి.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువగా చూసిన చిక్కు పెద్దవారి ఖాతాలది. పింఛను కోసమో, పిల్లల కౌన్సెలింగ్ కోసమో నెట్ సెంటరు కుర్రవాడు హడావిడిగా ఒక మెయిల్ తయారు చేసి, పాస్‌వర్డును రశీదు వెనుక రాసి ఇస్తాడు. రికవరీ ఫోను నంబరు అడిగిన చోట తన నంబరే వేస్తాడు. ఆ రశీదు పోయిన రోజున ఖాతా తాళం మరొకరి చేతిలో ఉన్నట్టు తెలుస్తుంది. ఈసారి మీ ఊరు వెళ్లినప్పుడు అమ్మగారి ఫోనో నాన్నగారి ఫోనో తీసుకుని ఒక గంట కూర్చోండి. గూగుల్ ఖాతాలోని సెక్యూరిటీ పేజీలో రికవరీ నంబరును వారిదిగా మార్చి, రికవరీ మెయిల్‌గా మీది ఇచ్చి, పాస్‌వర్డు మార్చి, పాస్‌వర్డు తరువాత మరో నిర్ధారణ కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. అప్పుడు ఇచ్చే పది బ్యాకప్ కోడ్లను కాగితం మీద రాసి పాస్‌బుక్కులు ఉంచే చోట పెట్టండి. తెలియని కంప్యూటరులో ఖాతా తెరిచి ఉంటే 'యువర్ డివైసెస్' లో దానిని సైన్ ఔట్ చేయండి, జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ మరెవరి చిరునామాకైనా పెట్టి ఉందేమో చూడండి. రెండేళ్లు ఎవరూ తెరవని సొంత ఖాతాలను తొలగించవచ్చని గూగుల్ 2023లో నియమం తెచ్చింది. ఆ డిసెంబరు నుంచి దానిని అమలు చేస్తోంది. కాబట్టి సంక్రాంతికో దసరాకో వెళ్లినప్పుడల్లా ఆ ఖాతాను ఒకసారి తెరిచి, ఒక ఉత్తరమైనా చదివి రండి. 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' లో మీ పేరు, చెల్లెలి పేరు చేర్చి ఉంచితే, వారు నిర్ణయించిన కాలం పాటు ఖాతా కదలకపోయినప్పుడు సమాచారం మీ ఇద్దరికీ వస్తుంది. ఈ పనులన్నీ వారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏం మారుస్తున్నారో చెబుతూ చేయండి. కొత్త పాస్‌వర్డును కూడా వారి చేతనే టైపు చేయించండి.